యూకేలో ఐటీ కాంట్రాక్టింగ్ కథ ముగిసినట్టేనా? పర్మనెంట్‌కి మారిపోవాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా?

స్లౌ_ఈటీఎల్:

అందరికీ నమస్కారం. నాది డేటా వేర్‌హౌస్ పని, ఇన్ఫర్మాటికా, టెరాడేటా, కొంచెం పైథాన్. ఎక్కువ కాలం లండన్ బ్యాంకుల్లోనే చేశాను. 2009లో టైర్ 1 జనరల్ వీసా మీద వచ్చాను, ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాసం), పాస్‌పోర్టు అన్నీ అయిపోయాయి కాబట్టి వీసా గొడవ లేదు. లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని చాలా ఏళ్ళు హాయిగా నడిచింది. కాంట్రాక్టు అయిపోయే ముందు ప్రొఫైల్ కాస్త అప్‌డేట్ చేస్తే చాలు, ఏజెంట్లే ఫోన్లు చేసేవాళ్ళు, రెండు ఇంటర్వ్యూలు, తర్వాతి సోమవారం కొత్త చోట కూర్చునేవాళ్ళం. 2021 తర్వాత అవుట్‌సైడ్ (సొంత కంపెనీ ద్వారా డబ్బు తీసుకునే స్టేటస్) పోయి అంబ్రెల్లా (మనల్ని ఉద్యోగిగా చూపి జీతం ఇచ్చే మధ్యవర్తి కంపెనీ) కిందకి వచ్చినా, రేటు కొంచెం పెంచారు కాబట్టి సర్దుకుపోయాను.

2025 వేసవిలో నేను చేస్తున్న ప్రోగ్రామ్ మొత్తం ఆఫ్‌షోర్‌కి వెళ్ళిపోయింది. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ ఇచ్చింది నేనే. అవతల కూర్చున్నవాళ్ళు హైదరాబాద్ పిల్లలు, అందులో ఒకమ్మాయిది తెనాలి, మా అమ్మమ్మ వాళ్ళ ఊరే. చురుకైన పిల్లలు, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. కానీ అప్పట్నుంచి నాకు ఫోన్ మోగితే ఒట్టు. లింక్డ్‌ఇన్‌లో ఏదైనా రోల్ కనపడి ఇంకా గంట కాకముందే వంద మంది పైన అప్లై చేసి ఉంటారు. వచ్చే ఒకటీ అరా కాల్స్ కూడా రోజుకు 400, 425 పౌండ్లు ఇన్‌సైడ్ (ఉద్యోగిలాగే పన్ను కట్టే స్టేటస్), పైగా వారంలో మూడు రోజులు ఆఫీసు, అది లీడ్స్‌లోనో ఎడిన్‌బరాలోనో. అంతకుముందు నేను తీసుకున్న దానితో పోలిస్తే ఇది ఎంత తక్కువో చెప్పక్కర్లేదు.

ఒక కన్సల్టెన్సీ వాళ్ళు పర్మనెంట్‌గా ఏడాదికి 72 వేల పౌండ్లు అంటున్నారు. మా ఆవిడ స్కూల్లో టీచింగ్ అసిస్టెంటు, పెద్దోడు గ్రామర్ స్కూల్లో ఇయర్ 10, కాబట్టి స్లౌ వదిలి కదలడం ఇప్పట్లో కుదరదు, మార్ట్‌గేజ్ ఫిక్స్‌డ్ రేటు గడువు కూడా ఈ ఏడాదే అయిపోతోంది. ఇది వడ్డీ రేట్ల వల్ల వచ్చిన తాత్కాలిక మందగమనమా, లేక ఇంతే సంగతులా? స్నోఫ్లేక్, డేటాబ్రిక్స్ లాంటి క్లౌడ్ డేటా టూల్స్ నేర్చుకుంటే ఏమన్నా తేడా ఉంటుందా, లేకపోతే ఆ 72 వేలకి తల ఊపేయాలా? తిట్టినా పర్వాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

హారో_క్యూఏ_అక్క:

తమ్ముడూ, టెస్టింగ్‌లో మాకు ఈ గతి ఇంకా ముందే పట్టింది, కాబట్టి నీకంటే కొంచెం సీనియర్‌ని ఈ విషయంలో. నేను పర్మనెంట్‌కి వెళ్ళిపోయాను. మొదటి జీతం చూసినప్పుడు ఏడుపొచ్చింది, నిజమే, కానీ డిసెంబర్‌లో ఫర్లో పేరుతో జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టడం, మార్చిలో బడ్జెట్ రాలేదని ఎక్స్‌టెన్షన్ నెలనెలా ఇవ్వడం, రాత్రికి రాత్రి "రేట్లు పది శాతం తగ్గిస్తున్నాం, ఇష్టమైతే ఉండండి" అని మెయిల్ పెట్టడం, ఈ టెన్షన్ అంతా పోయింది. సిక్ పే, పెన్షన్, 25 రోజులు సెలవు కలుపుకుని లెక్క వేస్తే తేడా నేను అనుకున్నంత లేదు.

రెండు విషయాలు నీకు పనికొస్తాయి. నువ్వు చూస్తున్న యాడ్స్‌లో సగం నిజం కాదనుకో. ఏజెన్సీ వాడికి క్లయింట్ ఉండడు, రేపు ఏదైనా టెండర్‌కి సీవీలు చూపించుకోవాలి, దానికోసం వల వేస్తాడు. ఇంకొంతమంది "ఇద్దరు రిఫరెన్సులు, మేనేజర్ల పేర్లు, నంబర్లు ముందే ఇవ్వండి" అంటారు, ఇచ్చావంటే నీకు ఉద్యోగం రాదు గానీ నీ మేనేజర్‌కి వాళ్ళ సేల్స్ కాల్ వెళ్తుంది. ఆఫర్ చేతికి రాకముందు రిఫరెన్సు ఇవ్వకు.

రెండోది, మనవాళ్ళు సిగ్గుపడి వదిలేసేది. అంబ్రెల్లాలో ఉన్నన్నాళ్ళు నువ్వు క్లాస్ 1 ఎన్‌ఐ (ఉద్యోగులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్) కట్టావు కదా, న్యూ స్టైల్ జాబ్‌సీకర్స్ అలవెన్స్ (నిరుద్యోగ భృతి)కి అప్లై చెయ్. ఆరు నెలల దాకా వారానికి 90 పౌండ్ల పైచిలుకు వస్తుంది, మీ ఆవిడ జీతం, బ్యాంకులో సేవింగ్స్ వాళ్ళు చూడరు, పైగా ఎన్‌ఐ క్రెడిట్ కూడా పడుతుంది. నువ్వు కట్టిన డబ్బే, దానం కాదు.

లెడ్జర్_లక్ష్మి:

నేను అకౌంటెంట్‌ని, నా క్లయింట్లలో చాలామంది మన ఐటీ వాళ్ళే, కాబట్టి లెక్కల వైపు నుంచి చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

"మార్కెట్ పడిపోయింది" అంటే అందరూ రోల్స్ తగ్గడం గురించే మాట్లాడతారు. కానీ కాంట్రాక్టింగ్‌లో డబ్బు మిగలడానికి సగం కారణం రేటు కాదు, పన్ను. 2016 ఏప్రిల్‌కి ముందు బేసిక్ రేట్ బ్యాండ్ (తక్కువ పన్ను రేటు పడే ఆదాయ పరిమితి) లోపల తీసుకున్న డివిడెండ్ మీద చేతి నుంచి కట్టేది ఏమీ ఉండేది కాదు. తర్వాత 5,000 పౌండ్ల అలవెన్స్ అన్నారు, 2018లో అది 2,000 అయింది, 2023లో 1,000, 2024 నుంచి 500. 2023లోనే కార్పొరేషన్ ట్యాక్స్ పెరిగింది, 50 వేలు దాటిన లాభం మీద మనలాంటి చిన్న కంపెనీలకి వాస్తవంగా పడేది 26.5 శాతం. ఇవన్నీ అవుట్‌సైడ్‌లో ఉన్నవాళ్ళకి. అంటే ఐఆర్35 (కాంట్రాక్టర్ నిజానికి ఉద్యోగిలాంటివాడేనా అని తేల్చే పన్ను నియమం) అనేదే లేకపోయినా ఆ పాత మిగులు ఇప్పుడు ఉండదు.

ఇక ఐఆర్35. అది 2000 నుంచీ ఉంది, కానీ స్టేటస్ తేల్చుకునేది మనమే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2017లో ప్రభుత్వ శాఖలకి, 2021 ఏప్రిల్‌లో ప్రైవేటులో మధ్య, పెద్ద కంపెనీలకి ఆ బాధ్యతని క్లయింట్ మీద పెట్టారు. తప్పు తేల్చితే పన్ను వాళ్ళు కట్టాలి. డీడబ్ల్యూపీ (పని, పెన్షన్ల శాఖ) లాంటి ప్రభుత్వ శాఖే స్టేటస్‌లు తప్పుగా తేల్చినందుకు దాదాపు 88 మిలియన్ పౌండ్లు హెచ్‌ఎంఆర్‌సీ (పన్ను శాఖ)కి లెక్క చెప్పుకోవాల్సి వచ్చింది. అది చూశాక ఏ బ్యాంకు లీగల్ టీమ్ రిస్క్ తీసుకుంటుంది? అసలు బార్క్లేస్, హెచ్‌ఎస్‌బీసీ, లాయిడ్స్ అంతకుముందే, 2019లోనే, లిమిటెడ్ కంపెనీల ద్వారా వచ్చేవాళ్ళని ఇక పెట్టుకోమని చెప్పేశాయి. 2022 సెప్టెంబర్‌లో అప్పటి ఆర్థిక మంత్రి క్వాసి క్వార్టెంగ్ ఈ మార్పులన్నీ రద్దు చేస్తామంటే నా క్లయింట్లు స్వీట్లు పంచుకున్నంత పని చేశారు, నెల తిరక్కుండానే ఆయన స్థానంలో జెరెమీ హంట్ వచ్చి రద్దునే రద్దు చేశాడు. రాజకీయంగా దాన్ని మళ్ళీ ముట్టుకునేవాడు కనపడటం లేదు.

ఇప్పుడు రోజుకు 500 ఇన్‌సైడ్ అంటే ఏంటో చూడండి. వారానికి 2,500. అందులో అంబ్రెల్లా వాడి మార్జిన్ పాతిక దాకా పోతుంది. ఎంప్లాయర్ ఎన్‌ఐ కూడా మీ రేటులోంచే పోతుంది, అది 2025 ఏప్రిల్ నుంచి 13.8 కాదు, 15 శాతం, మొదలయ్యే పరిమితి కూడా ఏడాదికి 9,100 నుంచి 5,000కి దించారు. అప్రెంటిస్‌షిప్ లెవీ అర శాతం. ఇవన్నీ పోగా మీ గ్రాస్ 2,150 దగ్గర ఆగుతుంది, సెలవు డబ్బులు కూడా అందులోనే. ఆ తర్వాత మీ పన్ను, మీ ఎన్‌ఐ. పని చేసిన వారానికి చేతికి 1,500 లోపే. రేటు 425 అయితే ఏడాదిలో రెండు నెలలు ఖాళీగా ఉన్నా సరే, మీ 72 వేల ఆఫర్ పెన్షన్‌తో కలిపి దాదాపు దాని పక్కన వచ్చి నిలబడుతుంది. ఖాళీ ఇంకా ఎక్కువైతే పర్మనెంటే ఎక్కువ.

ఇంకొక్క మాట, దయచేసి. "85 శాతం ఇంటికి తీసుకెళ్ళండి" అనే అంబ్రెల్లాల జోలికి పోకండి. మిగతా జీతం అప్పు అనో గ్రాంట్ అనో పేరు మార్చి ఇస్తారు, తర్వాత నోటీసు మీకే వస్తుంది, వాడికి కాదు. లోన్ ఛార్జ్ (అలాంటి అప్పుల మీద తర్వాత వేసిన పన్ను)లో ఇళ్ళు అమ్ముకున్నవాళ్ళున్నారు. 2026 ఏప్రిల్ 6 నుంచి అంబ్రెల్లా పన్ను ఎగ్గొడితే ఏజెన్సీ కూడా బాధ్యురాలు, కాబట్టి ఏజెన్సీలు తమ లిస్టులో ఉన్న అంబ్రెల్లాలే వాడమని అంటాయి, అది ఒక రకంగా మంచిదే.

రాయదుర్గం_రిటర్న్:

నేను అవతలి ఒడ్డు, హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. పన్నెండేళ్ళు అక్కడ ఉండి వెనక్కి వచ్చేశాను, ఇప్పుడు ఒక జీసీసీ (విదేశీ కంపెనీ ఇక్కడ పెట్టుకున్న సొంత సెంటర్)లో డెలివరీ చూస్తున్నా. అన్నా, మీరు నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ ఇచ్చిన టీమ్ లాంటి టీమ్‌లు మా ఫ్లోర్ మీదే నాలుగున్నాయి.

అక్కడ ఉన్నప్పుడు నాకూ అర్థం కాని విషయం ఒకటి చెప్తాను. పాత పద్ధతిలో పని మన పెద్ద సర్వీస్ కంపెనీలకి వెళ్ళేది, వాళ్ళు ఆన్‌సైట్‌లో కొంతమందిని ఉంచేవాళ్ళు, ఆ మధ్యలో క్లయింట్ తరఫున చూసుకోవడానికి, పాత సిస్టమ్ తెలిసినవాడిగా కాంట్రాక్టర్‌కి చోటుండేది. జీసీసీలో ఆ మధ్య జాగా ఉండదు. ఇక్కడ కూర్చున్నవాడు బ్యాంకు ఉద్యోగే, బ్యాంకు ఈమెయిల్ ఐడీనే, ప్రొడక్ట్ ఓనర్ కూడా ఇక్కడే. హెచ్‌ఎస్‌బీసీ ఎప్పట్నుంచో హైదరాబాద్‌లో ఉంది, లాయిడ్స్ 2023లో ఇక్కడ టెక్నాలజీ సెంటర్ పెట్టింది. ఇవి ఖర్చు తగ్గించడానికి మొదలైనా ఇప్పుడు ఆర్కిటెక్ట్ పోస్టులు కూడా ఇక్కడే తీస్తున్నారు. లండన్‌లో ఒక సీటు ఖాళీ అయితే దాన్ని ఎక్కడ నింపాలో చెప్పడానికి ఒక లొకేషన్ ప్లాన్ ఉంటుంది, హైరింగ్ మేనేజర్ చేతిలో ఏమీ ఉండదు. వడ్డీ రేటు 5.25 నుంచి దిగింది కదా, సీట్లు మళ్ళీ వస్తాయి అనుకుంటే, వస్తాయి, కానీ మా బిల్డింగ్‌లో.

ఏఐ గురించి కూడా అడుగుతారని చెప్తున్నా. మా దగ్గర మ్యాపింగ్ షీట్ నుంచి కోడ్ రాయడం, టెస్ట్ డేటా తయారు చేయడం ఇవి నిజంగానే తగ్గిపోయాయి. కానీ మీ సీటు పోవడానికి కారణం అది కాదు, దాన్ని ప్రెజెంటేషన్‌లో వాడుకుంటున్నారంతే.

ఇక్కడికి వచ్చేస్తే బాగుంటుందా అని చాలామంది నాకు మెసేజ్ చేస్తారు. ఫ్రీలాన్స్ మార్కెట్ ఇక్కడ కూడా ఏమంత గొప్పగా లేదు, కాంట్రాక్ట్ టు హైర్ పేరుతో స్టాఫింగ్ కంపెనీ పేరోల్ మీద కూర్చోబెడతారు. కానీ బయటి దేశం క్లయింట్ నేరుగా దొరికితే ఒక తమాషా ఉంది. మీ పని టెక్నికల్ కన్సల్టెన్సీ కిందకి వస్తే వృత్తి నిపుణుల అంచనా ఆదాయ పద్ధతి (పాత చట్టంలో 44ఏడీఏ) కింద 75 లక్షల రశీదుల వరకు సగమే ఆదాయంగా చూపొచ్చు, నగదు అయిదు శాతం దాటకూడదంతే. మీకు అక్కడ తీసేసిన సదుపాయం లాంటిది ఇక్కడ ఇంకా ఉంది అన్నమాట. ఇయర్ 10 పిల్లాడు ఉన్నప్పుడు మాత్రం ఆ ఆలోచన వద్దు.

మిల్టన్‌కీన్స్_మామ:

ఇక్కడ అందరూ తద్దినం పెట్టేస్తున్నారు గానీ నేను ఒప్పుకోను. డాట్‌కామ్ పోయినప్పుడు ఇదే మాట, 2008లో లేమన్ పోయినప్పుడు ఇదే మాట, రెండుసార్లూ బ్యాంకులు రేట్లు కోశాయి, రెండుసార్లూ తిరిగి వచ్చాయి. నేను శాప్ (కంపెనీల లెక్కలు, స్టాక్ నడిపే సాఫ్ట్‌వేర్) వాణ్ణి. దాని పాత వెర్షన్ ఈసీసీకి మెయిన్‌స్ట్రీమ్ సపోర్టు 2027 చివరికి అయిపోతుంది, డబ్బు కడితే 2030 దాకా. ఇప్పటికీ మారని కంపెనీలు ఈ దేశంలో బోలెడున్నాయి, కటోవర్ (కొత్త సిస్టమ్‌కి మారే) నాడు అర్ధరాత్రి గోడౌన్‌లో నిలబడేవాడు కావాలి, హైదరాబాద్ నుంచి నిలబడలేరు.

స్లౌ తమ్ముడు చేయాల్సిందల్లా బ్యాంకుల గుమ్మం ముందు నుంచి లేచి రావడం. క్లయింట్ చిన్న కంపెనీ అయితే స్టేటస్ ఇప్పటికీ నీ చేతిలోనే ఉంటుంది. యూకేలో ఆఫీసే లేని జర్మన్ వాడో డచ్ వాడో అయినా అంతే. నేను చేస్తున్నది అదే, అవుట్‌సైడ్, సబ్‌స్టిట్యూషన్ క్లాజ్ కాగితం మీద కాదు, నిజంగా నా బదులు ఇంకొకణ్ణి పంపిన సందర్భం ఉంది. రెండోది ఎస్‌సీ (ప్రభుత్వం చేసే సెక్యూరిటీ చెక్) క్లియరెన్స్. డిఫెన్స్, హోమ్ ఆఫీస్ లాంటి చోట్ల డేటా దేశం దాటదు, కాబట్టి సీటు కూడా దాటదు.

హారో_క్యూఏ_అక్క:

మామయ్యా, ఎస్‌సీ సొంతంగా అప్లై చేసుకోలేం కదా, ఎవరైనా స్పాన్సర్ చేయాలి. యాడ్స్ అన్నీ "యాక్టివ్ ఎస్‌సీ ఉంటేనే" అంటాయి. లేనివాడికి మొదటిది ఎవరిస్తారు? పైగా 2024 చివర్లో ప్రభుత్వం కన్సల్టెంట్ల ఖర్చు కోసేసింది, 2025లో ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ (ప్రభుత్వ వైద్య సేవల్ని నడిపే సంస్థ)నే ఎత్తేస్తామన్నారు, అక్కడి కాంట్రాక్టర్లందరూ ఇప్పుడు మార్కెట్లోనే ఉన్నారు. మీకు శాప్ ఉంది కాబట్టి ధైర్యంగా మాట్లాడుతున్నారు. ఇన్ఫర్మాటికాకి 2027 లాంటి ముహూర్తం ఎవరు పెట్టారు?

మిల్టన్‌కీన్స్_మామ:

ఎస్‌సీ సంగతి నిజమే, ఒప్పుకుంటా. దారి ఒకటుంది, పర్మనెంట్‌గా ఒక కన్సల్టెన్సీలో చేరితే వాళ్ళే స్పాన్సర్ చేస్తారు. అయిదేళ్ళకి పైగానే ఇక్కడ ఉన్నాడు కాబట్టి రెసిడెన్సీ అడ్డం రాదు. తమ్ముడూ, ఆ 72 వేలు ఇస్తామన్న వాళ్ళకి పబ్లిక్ సెక్టార్ క్లయింట్లు ఉన్నారా? ఉంటే ఇంక ఆలోచించకు, నేను కాంట్రాక్టింగ్ పక్షం వాణ్ణే అయినా చెప్తున్నా.

స్లౌ_ఈటీఎల్:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఇక్కడ వస్తుందనుకోలేదు. మామయ్యా, ఉన్నారు, రెండు ప్రభుత్వ శాఖలు వాళ్ళ క్లయింట్ల లిస్టులో కనపడ్డాయి. ఆఫర్‌కి ముందు ఎస్‌సీ స్పాన్సర్ చేస్తారా అని హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడుగుతాను. ఆఫీసు ఎన్ని రోజులో, ఏ ఊరో కూడా కాంట్రాక్టులో రాయించుకోవాలి, నోటిమాట మీద ఉంటే రేపు లీడ్స్ పొమ్మంటారు. స్నోఫ్లేక్ సర్టిఫికెట్ ఎలాగూ చేస్తున్నా, ఖాళీగా కూర్చునే కంటే నయం.

రాయదుర్గం అన్నా, మీరు చెప్పింది చేదుగా ఉంది గానీ నేను కళ్ళారా చూసింది అదే.

లక్ష్మి గారూ, ఒక్క సందేహం. నా లిమిటెడ్ కంపెనీ 2021 నుంచి పని లేకుండా ఉంది, అందులో ఇంకా 60 వేల దాకా ఉన్నాయి. పర్మనెంట్‌కి వెళ్తే దాన్ని మూసేయాలా? ఒక ఫ్రెండ్ 2026 ఏప్రిల్ లోపు లిక్విడేషన్ (కంపెనీ మూసి డబ్బు పంచుకోవడం) చేయించెయ్, పన్ను తక్కువ అంటున్నాడు.

లెడ్జర్_లక్ష్మి:

మీ ఫ్రెండ్ చెప్పింది సగం కరెక్ట్. మెంబర్స్ వాలంటరీ లిక్విడేషన్ చేస్తే ఆ డబ్బు డివిడెండ్ కాదు, క్యాపిటల్ కింద వస్తుంది. బిజినెస్ అసెట్ డిస్పోజల్ రిలీఫ్ (వ్యాపారం అమ్మినా మూసినా ఇచ్చే పన్ను రాయితీ) దొరికితే రేటు 2026 ఏప్రిల్ 5 వరకు 14 శాతం, ఏప్రిల్ 6 నుంచి 18. కానీ మీకు రెండు అడ్డంకులు ఉన్నాయి. ఒకటి, కంపెనీ 2021 నుంచే వ్యాపారం చేయడం లేదు. వ్యాపారం ఆపిన మూడేళ్ళ లోపు డబ్బు పంచితేనే ఆ రిలీఫ్ వస్తుంది, మీకు ఆ గడువు దాటిపోయినట్టుంది. అంటే మామూలు క్యాపిటల్ గెయిన్స్ రేట్లే, 18, 24. దానికి తోడు లిక్విడేటర్ ఫీజు. రెండు, డబ్బు అలా తీసుకున్నాక రెండేళ్ళ లోపు మామయ్య చెప్పినట్టు అవుట్‌సైడ్ పని చూసుకుని కొత్త కంపెనీ పెట్టారంటే హెచ్‌ఎంఆర్‌సీ దాన్నంతా డివిడెండ్‌గా లెక్కేయొచ్చు. పర్మనెంట్ ఉద్యోగంలో చేరితే ఆ ఇబ్బంది లేదు.

నేనైతే ఇలా చూస్తాను. ఈ 2025-26 ట్యాక్స్ ఇయర్‌లో వేసవి నుంచి మీకు జీతం లేదు. ఇప్పటివరకు వచ్చిన ఆదాయం తీసేసి బేసిక్ రేట్ పరిమితి 50,270 వరకు ఎంత జాగా మిగిలిందో చూడండి, అంత డివిడెండ్‌గా 2026 ఏప్రిల్ 5 లోపు తీసేసుకోండి. అలవెన్స్ 500 పోగా 8.75 శాతమే పడుతుంది, 2026 ఏప్రిల్ 6 నుంచి అది 10.75. షేర్లలో మీ ఆవిడ పేరు కూడా ఉంటే ఆమె బ్యాండ్ కూడా వాడుకోవచ్చు. మిగిలింది 25 వేల లోపుకి దిగితే లిక్విడేటర్ అక్కర్లేకుండానే కంపెనీని స్ట్రైక్ ఆఫ్ చేసి (రిజిస్టర్ నుంచి తీసేయించి) ఆ మొత్తాన్ని క్యాపిటల్‌గా తీసుకోవచ్చు. అంబ్రెల్లా ఇచ్చిన పీ45 (పని మానేసినప్పుడు ఇచ్చే జీతం, పన్ను కాగితం), 2021 నుంచి కంపెనీ బ్యాంక్ స్టేట్‌మెంట్లు మీ అకౌంటెంట్ ముందు పెట్టి, బోర్డ్ మినిట్స్ తేదీ, డబ్బు మీ ఖాతాకి పడే తేదీ రెండూ ఏప్రిల్ 5 దాటకుండా చూసుకోమనండి. ఆ ఉద్యోగం జాయినింగ్ డేట్ ఏప్రిల్‌కి ముందే అయితే మాత్రం ఈ లెక్క మారుతుంది, ఆ నెలల జీతం కూడా అదే బ్యాండ్‌లో కూర్చుంటుంది. జాయినింగ్ ఎప్పుడంటున్నారు?